దవాఖాన వరండాలో ఎల్లమ్మ

మా అమ్మమ్మ ఎల్లమ్మకు నోరెక్కువని చిలకలగూడలో అందరూ అనేవారు. నిజమే. కిరాణా కొట్టువాడు బియ్యంలో రాళ్లు కలిపితే వాడి ఏడు తరాలనూ దుకాణం ముందుకు పిలిచి నిలబెట్టేది. కానీ ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. కాపురానికి వచ్చిన ఏడేళ్ల దాకా ఆమె మామతో ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

మామ పేరు పర్వతాలు. మోండా మార్కెట్లో హమాలీలకు ముకద్దం. ఏ బస్తా ఎవరు ఎత్తాలో, ఏ బండి ముందు దింపాలో చెప్పే పెద్దమనిషి. అత్త ఎప్పుడో పోయింది. ఆ ఇంట్లో కోడలు మామకు ఎదురుపడకూడదు, ఆయన పేరు పలకకూడదు, చేతికి చేయి తగలకూడదు. అన్నం పెట్టి తలుపు చాటుకు తప్పుకోవాలి. చెప్పక తప్పని మాటేదైనా ఉంటే గోడకు చెప్పాలి. ‘నీళ్లు కాగినయి’ అని ఆమె గోడతో అంటే ఆయన స్నానానికి లేచేవాడు. ఇదేం మర్యాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మమ్మకు మాత్రం అప్పట్లో అది దేవుడి మాటతో సమానం.

అవి పోలీసు చర్య రోజులు. మా తాత రాజలింగం రైలింజన్లో బొగ్గు వేసేవాడు. వాడి జంక్షను వైపు వెళ్లిన బండి వెళ్లినట్టే ఉండిపోయింది. మనిషి ఉన్నాడో లేడో కబురు లేదు. రజాకార్లు వస్తారని భయపడి వీధిలో సగం మంది తాళాలేసుకుని పోయారు. ఇంట్లో మామా కోడలూ మాత్రమే మిగిలారు. సరిగ్గా అప్పుడే పర్వతాలుకు మూత్రం ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం నుంచి ఆయన చెంబు పట్టుకుని దొడ్లోకి పోవడం, రావడం. నీళ్లు పట్టుకెళ్లిన చెంబు నిండుగానే తిరిగొచ్చేది. అమ్మమ్మ కళ్లున్న మనిషి, ఆమెకు అర్థమైంది. తెల్లారేసరికి ఆయన పొత్తికడుపు పట్టుకుని గోడకు ఒరిగాడు. ‘దవాఖానకు పోతే మంచిగుంటది’ అని ఆమె అదే గోడకు చెప్పింది. దవాఖాన అంటే మండిపడే మనిషి మారు మాట లేకుండా తలపాగా చుట్టుకున్నాడు.

నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పిన మర్నాడది. ఒక వీధిలో జెండాలు, జేజేలు. పక్క వీధిలో మూసిన తలుపులు. టాంగా ఒక్కటీ దొరకలేదు. నడిచే పోయారు. పది అడుగులకోసారి ఆయన తూలుతున్నాడు, ఆమె పట్టుకోకూడదు. చివరికి ఆయన చేతికర్ర ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస ఆయన పట్టుకున్నాడు. అట్లా దవాఖాన చేరారు.

ఆ దవాఖాన పేరు నేను చెప్పను. తప్పు దానిది కాదు. ఉన్న డాక్టర్లలో ఒకాయన్ని మిలిటరీవాళ్లు బొల్లారం వైపు పిలుచుకుపోయారట. మిగిలింది ఒక్కడు. వరండా నిండా తలలు పగిలినవాళ్లు, కాళ్లు విరిగినవాళ్లు, తొక్కిసలాటలో నలిగినవాళ్లు. జ్ఞానమణి అని గుంటూరు వైపు నర్సమ్మ ఒకావిడ గుమ్మం దగ్గర నిలబడి ఎవరు ముందో ఎవరు తర్వాతో చెబుతోంది.

“పేరేంటమ్మా?” అంది.

అమ్మమ్మ నేల చూసింది. మామ పేరు ఎట్లా పలుకుతుంది? ఆయనే “పర్వతాలు” అన్నాడు.

“బాధేంటి?”

ఆయన పైకప్పు చూశాడు. వెనక బెంచీ మీద ఇద్దరు మోండా హమాలీలు, దెబ్బ తగిలిన తమవాణ్ని పట్టుకుని కూర్చున్నారు. లేచి సలాము చేశారు. “ముకద్దం సాబ్, ఏమైంది?”

“ఏం లేదు. జెర అజీర్తి” అన్నాడు పర్వతాలు మీసం సవరించుకుంటూ.

జ్ఞానమణి అమ్మమ్మ వైపు తిరిగింది. అమ్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, “కడుపు నొస్తుందట” అంది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ప్రాణం మీదికి వస్తే ఈ సిగ్గులేంది? కానీ అమ్మమ్మ ముందు ఆ మాట అంటే, “నువ్వైతే ఏం జెప్తుంటివే, ఆ మొగోళ్లందరి నడుమ?” అని గద్దించేది.

జ్ఞానమణి పెద్ద సీసాలోంచి ఇంత మందు పోసి తాగించింది. “నీళ్లు బాగా తాగించమ్మా, మంట తగ్గుద్ది. అక్కడ కూర్చోండి, పిలుస్తాను.”

అమ్మమ్మ కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి ఆయన పక్కన పెట్టి పక్కకు జరిగింది. ఆయన గ్లాసును చూశాడు. హమాలీలు ఆయన్ను చూస్తున్నారు. తాగాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా.

ఇంక మొదలైంది. స్ట్రెచరు మీద ఒకణ్ని తెచ్చారు, వాణ్ని లోపలికి తీసుకుపోయారు. ఇంకొకణ్ని భుజాన మోసుకొచ్చారు, వాడూ లోపలికి. తర్వాత వచ్చినవాళ్లు ముందు పోతున్నారు. అడగడానికి లేదు, వాళ్ల బట్టలన్నీ రక్తం. పర్వతాలు కూర్చోలేకపోయాడు. లేస్తే నిలబడలేకపోయాడు. చొక్కా తడిసి వీపుకంటుకుంది. పంచె కింద పొత్తికడుపు బోర్లించిన కుండలా లేచింది. పళ్లు కరుచుకుని, ఎప్పుడో పోయిన భార్యను పిలుచుకుంటున్నాడు.

అమ్మమ్మ లేచి జ్ఞానమణి దగ్గరికి పోయింది. “అమ్మా, జెర మా మామను సూడుండ్రి. శాన తక్లీఫైతుంది.”

“కడుపు నొప్పేగా తల్లీ. కాస్త ఓర్చుకోమను. లోపల మనిషి పేగులు బయటపడి ఉన్నాడు” అంది ఆవిడ. ఆవిడ చేతులకూ రక్తమే.

‘కాదమ్మా’ అని అమ్మమ్మ నోటిదాకా వచ్చింది. వెనక్కి చూసింది. బాధలో కూడా మామ కళ్లెర్రజేసి ఆమెనే చూస్తున్నాడు. ఆ కోపం ఏడేళ్లుగా తెలిసిందే. “ఔనమ్మా” అని తిరిగొచ్చి గోడ పక్కన నిలబడింది. పొద్దు వాలింది. ఇంటాయన బతికి వస్తే ‘మా నాయనేడీ’ అని అడుగుతాడు, ‘సిగ్గయి చెప్పలే’ అందామా అని తనను తానే తిట్టుకుందట.

అంతలో పర్వతాలు బెంచీ మీంచి జారాడు. తలపాగా ఊడి ఒక పక్క దొర్లింది. కళ్లు తేలేశాడు. బెంచీ మీది హమాలీ, “అయ్యో, ముసలాయన పనైపాయె” అన్నాడు.

అమ్మమ్మ కొంగు జారిపోయింది. మామ పక్కన మోకాళ్ల మీద పడి, ఆయన తలను రెండు చేతులతో ఒళ్లోకి తీసుకుంది. తీసుకుని అరిచింది.

“అమ్మా! మా మామకు నిన్నటి సంది ఉచ్చ బందైంది! కడుపు నొప్పి గాదు! ఉచ్చ బందైంది, మనిషి సచ్చిపోతుండు!”

హమాలీలు తలలు దించుకున్నారు. జ్ఞానమణి చేతిలో గుడ్డ పారేసి పరుగెత్తుకొచ్చింది. పొత్తికడుపు మీద చెయ్యి వేసి, “పొద్దున్నుంచీ ఏం చేస్తున్నావే పిచ్చిదానా? నేనేమో నీళ్లు తాగించాను!” అని అమ్మమ్మను ఒక్క దెబ్బ కొట్టింది. ఆవిడ కళ్లలోనూ నీళ్లే.

అడ్డు తెర లాగారు. డాక్టరు రబ్బరు గొట్టం తెచ్చాడు. పని ఎంతోసేపు పట్టలేదు. తెర ఇవతల నిలబడిన అమ్మమ్మకు ముందు మామ మూలుగు, తర్వాత బేసిన్లో ధార పడే చప్పుడు వినిపించాయి. ఆ చప్పుడుకు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడేళ్లలో అంత సంతోషం ఎరగనని చెప్పేది. పొద్దున్నే చెప్పి ఉంటే పొద్దున్నే అయిపోయే పని.

తెర తీశాక పర్వతాలు కళ్లు తెరిచాడు. కోడలి ముఖం అంత దగ్గరగా చూసింది అదే మొదటిసారి. “ఇంతమందిల నా ఇజ్జత్ తీసినవ్” అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“తీసిన మామా” అంది అమ్మమ్మ ఆయనతోనే. “కోపం జేసెటందుకు సుత బతికుండాలె గద.”

తాత క్షేమంగా తిరిగొచ్చాడు. పర్వతాలు కొడుక్కి ఫిర్యాదు చేశాడు, మార్కెట్టుకు పోవడం మానేశాడు, కోడలితో ఊ అనలేదు. ఆమె మాత్రం అన్నం పెట్టినప్పుడల్లా ఎదురుగా నిలబడి మాట్లాడేది. ఇంకొంచెం వేసుకోండి అనేది. కూరలో ఉప్పు సరిపోయిందా అనేది. ఆయన పళ్లెం వంకే చూస్తూ తినేవాడు. “తప్పు నాదే. సిస్టరమ్మ అడిగినప్పుడే చెవుల జెప్తే ఆమెకొక్కతికే తెలుస్తుండె. ఇజ్జత్ కాపాడబోయి పొద్దూకేదాంక కూసోని, ఆఖర్కి ఊరందరికి ఇనవడేటట్టు ఒర్లిన” అని ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాతో అనేది.

కొన్ని నెలలకు ఆయనకు మళ్లీ ఆగిపోయింది. తాత ఇంట్లోనే ఉన్నాడు, టాంగా తెచ్చి గుమ్మంలో నిలిపాడు. వీధిలో జనం చేరారు. పర్వతాలు కొడుకు భుజం వదిలేసి వంటింటి వైపు తిరిగాడు.

“ఎల్లమ్మా” అని పిలిచాడు. ఆమె పేరు ఆ నోట వినడం ఆమెకు అదే మొదలు. “నువ్వు సుత రా బిడ్డా. వీనికి సిగ్గు. ఆడ నువ్వే జెప్పాలె.”