పాలికిచ్చిన ఘటసర్పం

మా వంశంలో సొంతం అనే మాటకి పెద్దగా పని పడలేదు. దివిసీమలో మా తాత కౌలు రైతు, మా నాన్న కౌలు రైతు. ఇంట్లో ఉన్న గేదె కూడా పాలికి తెచ్చుకున్నదే. అంటే కొన్నది వేరేవాళ్ళు, మేపేది మేము, ఫలసాయం చెరిసగం. నేను చదువుకున్నాను కాబట్టి బందరులో మేడమీద వాటాలో అద్దెకుంటున్నాను. గిలకలదిండి హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని, బోట్లవాళ్ళు పట్టుకెళ్ళే ఐసుకి బిల్లులు రాస్తాను. ఇలాంటివాడి దగ్గరకొచ్చి, "ఇది నీ సొంతం, ప్రపంచం తలకిందులైనా నీ దగ్గర్నుంచి ఎవడూ లాక్కోలేడు" అంటే ఏమవుతుంది? పడిపోతాడు. నేనూ పడ్డాను.

ఆ మాటన్నది మా బావ. మా అక్క మొగుడు. గుడివాడలో సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకున్నాడు. అంతకుముందు ఈము పక్షులనీ, కలబంద తోటలనీ చుట్టాలందర్నీ ఊదరగొట్టిన మనిషే. అయినా ఇంటి అల్లుడు కాబట్టి మా అమ్మ ఆయన మాటకి ఎదురు చెప్పదు, ఆయన వెళ్ళాక మాకు చెబుతుంది.

"బామ్మర్దీ, ఇది పేకాట కాదు. బ్లాక్‌చెయిన్ కార్డుల ఆట" అన్నాడు బావ. "ఫోన్లో సైనికులు, మంత్రగాళ్ళు, రాక్షసులు కార్డుల మీద ఉంటారు. నీ కార్డులతో ఎదుటివాడి కార్డుల్ని కొట్టాలి. గెలిస్తే బహుమతి. పేకముక్క క్లబ్బువాడిది, ఈ కార్డు మాత్రం నీది. లోకంలో ఉన్న కంప్యూటర్లన్నిట్లో నీదని రాసుంటుంది."

"అంత డబ్బు నా దగ్గరెక్కడుంది బావా?"

"అక్కడే ఉంది కిటుకు. రోజూ ఒక టీ మానెయ్, చాలు" అన్నాడు, నేనిప్పించిన టీ తాగుతూ.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టేవాళ్ళ కోసం ఆయన దగ్గర సూత్రాలున్నాయి. ప్యాకెట్లు కొనకూడదు, లోపల ఏముంటుందో తెలియదు. విడి కార్డులే కొనాలి. అవి కూడా జనం ఎగబడేవి కాకుండా, హార్బరులో వేలం అయిపోయాక మూల మిగిలిన చిల్లర చేపల్లాంటివి ఏరుకోవాలి. పెద్ద కార్డు కావాలనిపిస్తే ఒకరోజుకి అద్దెకు తీసుకోవాలి. సొంతం చేసుకుందామని బయల్దేరినవాణ్ణి మొదటిరోజే అద్దెకు దింపాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు.

కార్డులు దాచుకునే వాలెట్టు ఫోన్లో తెరిస్తే, దానికి తాళంచెవిగా పన్నెండు మాటలు ఇచ్చింది. వాటిని కంఠతా పట్టాలట, ఎవరికీ చెప్పకూడదట. సండే స్కూల్లో కంఠత వాక్యాలకి సబ్బుపెట్టెలు గెలుచుకున్నవాణ్ణి, నాకదేం లెక్క? పట్టేశాను. తర్వాత ఒక కుంటి విలుకాణ్ణి, ఒక పొట్టి సైనికుణ్ణి, కప్పకి అన్నలా ఉన్న ఇంకోదాన్ని చవగ్గా ఏరుకున్నాను. వాటిని అమ్మకానికి పెట్టింది మా బావేనని చాలాకాలం తర్వాత అక్క నోరు జారితే తెలిసింది. ఆయన ఆటలోంచి బయటకు పోతూ పోతూ, తలుపు నా కోసం తీసిపెట్టాడన్నమాట.

ఆ కుంటి సైన్యంతో నెలల తరబడి ఓడి, ఓడి, చివరికో పోటీలో ఎలాగో గెలిచాను. బహుమతిగా ఒక ఘటసర్పం కార్డు వచ్చింది, ఇంగ్లీషులో డ్రాగన్. నీలం ఒళ్ళు, రెండు రెక్కలు, నోట్లో మంట. కింద ఓనర్ అని రాసి, ఆ పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి తోక ఉంది. ఆ తోక నేనే. ఐసు బిల్లు రాస్తూ మధ్యలో ఫోన్ తీసి ఆ ఒక్క లైను చూసుకునేవాణ్ణి. నవ్వితే నవ్వండి, నా జన్మలో నా పేరున ఉన్న ఆస్తి అదే.

"ఏంట్రా అస్తమానం చూసుకుంటావు?" అంది అమ్మ.

"నాదే అమ్మా. నేనే పెంచుతున్నాను. రోజూ ఆడిస్తే బలం పెరుగుతుంది."

"మేపుతున్నావన్నమాట."

"అలాగే అనుకో" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కోతలయ్యాక మా ఊరి చర్చిలో కోతల పండుగ చేస్తారు. ఎవరింట్లో పండినది, పెరిగినది వాళ్ళు తెచ్చి కానుకగా పెడతారు. ధాన్యం, గుమ్మడికాయ, అరటిగెల, కోడి. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. ఆరోజు సొరకాయ కూడా మేక ధర పలుకుతుంది, ఎందుకంటే అక్కడ జనం పాడేది సొరకాయ కోసం కాదు, పక్కవాడి మీద. మా అమ్మ ఏటా ఒక పుంజుని పెంచి తీసుకెళ్ళేది. దాన్ని ఏటా ఒక్కావిడే పాడుకునేది. నాకు అక్షరాలు నేర్పి, చెవులు మెలిపెట్టిన మా ఊరి హెడ్‌మిస్ట్రెస్ గారు, ఇప్పుడు రిటైరయ్యారు. "నా పుంజు టీచరమ్మగారింటికే" అని అమ్మ ఏడాదంతా చెప్పుకునేది.

అమ్మ నా దగ్గరకు బందరు వచ్చేశాక పుంజు లేదు. మా ఇంటి ఓనరు పూల కుండీకే మొహం చిట్లిస్తాడు, ఇక కోడికి ఒప్పుకుంటాడా? బజార్లో ఒక కోడిని కొందామన్నాను.

"కొన్న కోడి కానుకేంట్రా? మన చేత్తో పెంచింది ఉండాలి. వట్టి చేతులతో ఆ గుమ్మం ఎక్కను" అంది. పండుగ దగ్గరపడేకొద్దీ అన్నం సరిగ్గా తినడం మానేసింది. నలుగురిలో ఆవిడకున్నది ఆ ఒక్క గౌరవమే, అది నాకూ తెలుసు. చివరికి ఒకరోజు నా ఫోన్ వంక చూసి, "నువ్వు పెంచింది ఉందిగా" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"అమ్మా, అది నా సొంతం."

"సొంతం కాబట్టే ఇవ్వగలం. అద్దెకి తెచ్చింది ఇస్తామా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా ఒప్పుకున్నాను. జిరాక్స్ షాపులో ఆ కార్డుకి కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, పండుగరోజు పొద్దున్నే బస్సెక్కాం. అమ్మ దాన్ని ఒళ్ళో అందరికీ కనిపించేలా పెట్టుకుంది. పులిగడ్డ వారధి మీద కండక్టరు, "ఇదేం దేవుడమ్మా?" అని అడిగాడు. ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

చర్చిలో అయ్యగారు దాన్ని అందుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. సాతాను అంటూ ప్రసంగాల్లో ఏళ్ళ తరబడి ఆయన తిట్టిన ఘటసర్పం రెక్కలతో సహా చేతికొచ్చింది.

"ఏంటమ్మా ఇది?"

"మా అబ్బాయి పెంచాడండి. ఫోన్లో."

వచ్చిన కానుకని కాదన్న అయ్యగారు దివిసీమలో ఇంకా పుట్టలేదు. తీసుకున్నారు. ప్రార్థన చేసేటప్పుడు మాత్రం దాని తలమీద రుమాలు కప్పారు.

వేలంలో సంఘపెద్ద దాన్ని పైకెత్తి, "రెక్కల జంతువండీ! మేత ఖర్చు లేదు, కూయదు, పొడవదు!" అని అరిచాడు. అంతకుముందే ఒక సొరకాయ కోసం కొట్టుకున్నంత పనిచేసిన జనం, ఆకాశం వంక చూస్తున్నారు. అమ్మ మొహం వాడిపోయింది. నాకు చటుక్కున ఒక ఉపాయం తట్టింది. నేనే పాడుకుంటే సరి! చర్చికి డబ్బు, అమ్మకి గౌరవం, నా ఘటసర్పం నాకు. గొంతెత్తి పాట మొదలుపెట్టాను.

అమ్మ నా చేయి గిల్లింది. "మనం ఇచ్చింది మనమే పాడుకుంటామా? సిగ్గులేదూ?"

ఇంతలో ముందు వరుస కుర్చీలోంచి హెడ్‌మిస్ట్రెస్ గారు నా పాట మీద పాట పాడారు. గిల్లుడు ఓర్చుకుని నేను ఇంకొంచెం పెంచాను. ఆవిడ వెనక్కి తిరిగి, కళ్ళజోడు పైనుంచి చూసి, "కూర్చోరా" అన్నారు. నలభై దాటినవాణ్ణి, కూర్చున్నాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయిపోయింది. పుంజు ఎన్నడూ అంత ధర పలకలేదని అమ్మ తిరుగు బస్సులో బందరు దాకా చెబుతూనే ఉంది.

పోయింది ప్రింటేగా, అసలుది ఫోన్లోనే ఉందిగా అని మర్నాడు ధైర్యంగా ఆట తెరిచాను. అమ్మ వెనకే నిలబడింది.

"అమ్మినదాన్ని ఇంకా ఆడిస్తున్నావా?"

"అమ్మా, ఆవిడ కొన్నది బొమ్మ."

"అయితే దేవుడి ముందు బొమ్మ పెట్టి మోసం చేశామా?"

హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేశాను. అసలు కార్డు నా ఫోన్లో ఉందనీ, ఆవిడకి పంపాలంటే వాలెట్టు తెరవాలనీ, పన్నెండు మాటలు కంఠతా పట్టాలనీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఈ వయసులో నాకు కంఠతలేంట్రా? నీ దగ్గరే ఉంచు. పాలికి మేపు. గెలిచినదాంట్లో సగం నాకు పంపు" అన్నారు.

విచిత్రమేమిటంటే, ఆ ఆటలో పెద్దవాళ్ళు చేసేదీ అదే. కార్డులన్నీ కొని పెట్టుకుని, కొనలేనివాళ్ళకి ఇచ్చి ఆడించి, గెలుపులో సగం తీసుకుంటారు. దానికి స్కాలర్‌షిప్ అని పేరు పెట్టుకున్నారు. మా తాతకి తెలిసుంటే, తనకింత చదువుందని పొంగిపోయేవాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అవగానే ఫోన్ వచ్చేది. "నా జంతువు ఎలా ఉంది?" ఓడిందంటే, "నువ్వు సరిగ్గా చూడట్లేదు, చిన్నప్పుడు ఎక్కాలూ ఇలాగే వదిలేశావు" అని వాయించేవారు. గెలిస్తే సగం ఫోన్లో పంపేవాణ్ణి, ఆవిడ కానుక పెట్టెలో వేసేవారు. తెరమీద ఓనర్ అన్నచోట ఇంకా నా తోకే ఉంది. దాన్ని చూస్తే మాత్రం ఒళ్ళు మండేది. కోపం ఆవిడ మీద కాదు, ఆ లైనుకి అన్ని నెలలు మురిసిపోయిన నా మీద.

ఏడాది తిరక్కుండానే కంపెనీవాళ్ళు ఆట మూసేశారు. "మా ప్రయాణం ముగిసింది. మీ కార్డులు ఎప్పటికీ మీవే" అని ఒక సందేశం పంపారు. బావకి చూపిస్తే, "నీవే అని నేను చెప్పానా లేదా?" అన్నాడు. అప్పటికి ఆయన కొర్రమీను చెరువుల్లో ఉన్నాడు.

ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లక, అమ్మని తీసుకుని హెడ్‌మిస్ట్రెస్ గారింటికి వెళ్ళాను.

"చచ్చిపోయిందా?" అన్నారావిడ.

"లేదండీ, ఉంది. ఆడటానికే చోటు లేదు."

"నీదేమైందో నాకు తెలియదు. నాది అదిగో."

వంటింటి గుమ్మం పక్కన మంచినీళ్ళ బిందె మీద మూతగా లామినేషన్ ఉంది. దానిమీద గ్లాసు బోర్లించి ఉంది. ఘటసర్పం నోట్లో మంట కాస్త వెలిసింది కానీ, కింద ఓనర్, ఆ పక్కన నా తోక, ఒక్క అక్షరం చెదరలేదు.

"టీచరుగారూ, అది నాకిస్తారా?" అన్నాను.

ఆవిడ గ్లాసు తీసి పక్కన పెట్టి, దాన్ని కొంగుతో తుడిచి, "సొంతానికా, పాలికా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "పాలికే ఇవ్వండమ్మా. సొంతమైతే వీడి దగ్గర నిలవదు."

పాలికే తెచ్చుకున్నాను.