ముగ్గు తొక్కని ఊరు

ఆ రోజుల్లో నా గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. జబ్బు చేసి కాదు, అరిచి అరిచి. ఇప్పుడు హిందూపురం ఆఫీసులో నా పక్కన కూర్చునే కొత్త పిల్లలు ‘మేడం ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనరు’ అని చెప్పుకుంటుంటే విని లోలోపల నవ్వుకుంటాను. మనిషికి జీవితం మొత్తానికి ఇన్ని అరుపులని లెక్కగట్టి ఇస్తారేమో, నా వాటా అంతా లాక్‌డౌన్‌లోనే, సోమందేపల్లి దగ్గర ఒక చిన్న ఊళ్లో అయిపోయింది. దూరం జరగండి, మాస్కు ముక్కు మీదికి లాగండి, గడ్డానికి రాదు జబ్బు, ముక్కుకే వస్తుంది. పొద్దున లేస్తే ఇవే మాటలు. నిద్రలో కూడా ‘జరగండి జరగండి’ అని కలవరించేదాన్నట. (ఈ సంగతి నాకు చెప్పింది మిద్దింటవ్వ. ఆమె గురించి వస్తున్నాను.)

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఊరి సచివాలయంలో ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. మాది ధర్మవరం, నాయనది మగ్గం పని. పొద్దున్నే బస్సెక్కి పెనుకొండలో మారి ఊరు చేరడం, సాయంత్రం అదే దారిన ఇంటికి పోవడం. బస్సులు ఆగిపోయిన రోజున నేను ఒంటి మీద బట్టలతో, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బాతో ఆ ఊళ్లోనే చిక్కుకుపోయాను. ఆఫీసు ఎదురుగా మిద్దె ఉన్న అవ్వ, “ఆడపిల్ల యాడికి పోతుంది, ఈడనే ఉండనీ” అని ఒక గది ఇచ్చింది, కోడలి చీరలు రెండు ఇచ్చింది, పొద్దూమాపూ సంగటి పెట్టింది. ఒక్క వారమే కదా అనుకున్నది నలభై రోజులైంది. ఆ నలభై రోజుల మధ్యలో ధర్మవరంలో మా అక్కకు కొడుకు పుట్టాడు. మా ఇంట్లో మొదటి మనవడు. వీడియో కాల్లో చూపిస్తే బొమ్మ ఆగిపోయి ఒక చెవి, సగం దుప్పటి మాత్రం కనిపించేవి. చిన్నమ్మనైన సంగతి ఊరంతా చెప్పుకోవాలని ఉన్నా, నేను ఊరితో అనేదల్లా ‘జరగండి’, ‘మాస్కు లాగండి’ అన్న మాటలే కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మా పై అధికారి పెనుకొండలో ఉండేవారు. మాలో మేము ఆయన్ను ఫొటో సార్ అనుకునేవాళ్లం. బ్లీచింగ్ చల్లితే ఫొటో, చేతులు కడిగిస్తే ఫొటో, ఫొటో లేకపోతే ఆ పని జరగనట్టే. ఒకరోజు సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. “చూడమ్మా, రేపటి నుంచి మూడు రోజులు రేషన్ స్టోరు బియ్యం ఇస్తాండారు. స్టోరు ముందర గుంపు కనపడకూడదు. ఆరడుగులకొక వృత్తం గీయించు, వృత్తానికొక మనిషి. ఆ ఫొటో పొద్దున ఎనిమిది లోపల గ్రూపులో పడాల. నీది బాగా వస్తే ఆదివారం ధర్మవరం పోయొచ్చేకి పాసు నేనే రాయిస్తా.” నేను పాసు కోసం అప్పటికి నాలుగుసార్లు అడిగి ఉన్నాను. ఆ రాత్రి నా కలలో ఎవరూ జరగలేదు, అందరూ వృత్తాల్లో కుదురుగా నిలబడ్డారు.

పొద్దున ఐదింటికే లేచి తాడుతో కొలిచి నలభై వృత్తాలు సున్నంతో గీశాను. నడుము పట్టేసింది. మొహం కడుక్కుని వద్దామని గదికి వెళ్లి పావుగంటలో తిరిగొచ్చేసరికి నలభై వృత్తాలూ నిండిపోయి ఉన్నాయి, చెప్పులతో. మా వైపు బస్సు ఆగగానే కిటికీలోంచి టవలు వేసి సీటు ఆపుకోవడం అందరికీ పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యలో ఊళ్లో అందరికన్నా ఆరితేరినవాణ్ని ముందుసీటు తాత అనేవాళ్లు. మొదటి వృత్తంలో చెప్పు పెట్టింది ఆయనే. ఆ తర్వాత ఊరంతా ఆయన దారే పట్టింది. కొందరు కుడికాలి చెప్పు ఒక వృత్తంలో తమకు, ఎడమకాలిది ఇంకో వృత్తంలో వదినకు ఆపారు. చెప్పుల్లేనివాళ్లు రాయి పెట్టారు, చెంబు పెట్టారు. మనుషులందరూ ఎదురింటి అరుగు మీద నీడలో ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని కబుర్లాడుతున్నారు.

“తాతా, చెప్పులు కాదు, మీరు నిలబడాల” అని అరిచాను. “ఎందుకు పాపా ఎండలో? నా చెప్పు ఉండాది గదా, నా తావు యాడికి పోతుంది” అన్నాడాయన, తెలియనిదానికి తెలియజెప్పే ఓపికతో. ఎనిమిది దాటుతోంది. వేరే దారి లేక ఆ ఫొటోనే పంపాను. నిమిషంలో ఫోన్ మోగింది. “ఏమ్మా, మనుషులేరీ? మనం బియ్యం ఇచ్చేది చెప్పులకా?” గ్రూపులో ఉన్న మిగతా ఊళ్లవాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారు. నేను వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని బాధపడ్డాను.

సాయంత్రానికి తొక్కిడికి సున్నం చెదిరిపోయింది. నాకు రాత్రి వరకూ ఆన్‌లైన్ పనుంది, నడుము ఇంకా పట్టేసే ఉంది. మిద్దింటవ్వతో, “అవ్వా, రేపు తెల్లారి కల్లాపి చల్లినాక ఆడోళ్లతో చెప్పి ఆ వృత్తాలు మళ్లా గీయించు” అన్నాను. “అట్లే పాపా, నువ్వు నెమ్మదిగా రా” అంది. అవ్వ పనికి వంక పెట్టేవాళ్లు లేరు కాబట్టి నేను హాయిగా నిద్రపోయాను. నేను జీవితంలో చేసిన తప్పుల్లో ఆ నిద్ర ఒకటి.

ఆరున్నరకు వెళ్లి చూస్తే స్టోరు ముందర పండగ. నలభై వృత్తాల్లో నలభై రకాల ముగ్గులు. ఒకదాంట్లో ఎనిమిది రేకుల పద్మం, ఒకదాంట్లో చిలకలు, ఇంకోదాంట్లో మామిడి పిందెలు, అన్నిటికీ మధ్యలో పసుపు, కుంకుమ. ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేతులు దులుపుకుంటూ నా మెప్పుకోసం చూస్తున్నారు. “ఏందవ్వా ఇది?” అన్నాను. “బియ్యమిచ్చే తావు ముందర ఉత్త సున్నాలు పెడతారా ఎవరన్నా? రవ్వంత నింపితిమి, అంతే” అంది అవ్వ.

జనం వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ముగ్గులు దాటకుండా, చెరగకుండా, గోడవారనున్న మూరెడు సందులో ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడ్డారు. చెప్పులు కూడా పెట్టలేదు, దూరంగా విప్పేసి వచ్చారు. ఎంత అరిచినా ఒక్కరూ వృత్తంలోకి రాలేదు. ముందురోజే బియ్యం తీసుకున్నా చూడ్డానికొచ్చిన ముందుసీటు తాత కూడా, “పసుపు కుంకుమ మింద కాలు పెట్టేదెట్ల పాపా, నీకు చదువుండాది గదా, నువ్వే చెప్పు” అని నన్నే అడిగాడు. సరిగ్గా అప్పుడే జీపొచ్చింది. చెప్పుల ఫొటో చూశాక ఫొటో సార్‌కి నా మీద నమ్మకం పోయి, స్వయంగా చూద్దామని బయల్దేరారట.

ఆయన ముగ్గులు చూశారు, గోడవార గుంపు చూశారు, నన్ను చూశారు. “వృత్తాలు గీయమంటే ఇదేంది? సరే, నిలబడమను.” నిలబడడం లేదు సార్ అన్నాను. “నువ్వు నిలబడి చూపించమ్మా, వాళ్లే వస్తారు.” నేను చెప్పులు విప్పి ఆ పద్మం దగ్గరికి వెళ్లాను. కాలెత్తాను. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. చిన్నప్పుడు వాకిట్లో ముగ్గు తొక్కానని అమ్మ పిక్క మీద వేసిన దెబ్బ ఆ క్షణంలో చురుక్కుమంది. వీళ్లను నలభై రోజులుగా తిడుతున్న నేను, కొంగలాగా ఒంటికాలి మీద ఊగి, కాలు వెనక్కి తీసుకుని పక్కన పెట్టాను. గుంపంతా తృప్తిగా తలూపింది. సార్ విసుక్కుని తానే నా వైపు బయల్దేరారు. ఆయనా ముగ్గు తొక్కలేదు. అంచునే నడుస్తూ వచ్చి, చివరి ముగ్గు దగ్గర సందు చాలక మురుక్కాలువలో బూటు దించారు. ఎవరూ నవ్వలేదు, అదొక్కటే ఆ రోజు ఊరు నాకు చేసిన సాయం. బూటు విదిలించుకుంటూ, “పాసు సంగతి ఇంక తర్వాత చూద్దాంలే” అని ఆయన వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, రాలేనని చెప్పి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మిద్దింటవ్వ సంగటి గిన్నెతో వచ్చి ఏమైందని అడిగింది. నేను అవ్వ మీదే విరుచుకుపడ్డాను. మీ ముగ్గుల వల్లే, మీ చెప్పుల వల్లే, ఫొటో సరిగ్గా వస్తే పాసు ఇస్తానన్నారు, మా అక్క బిడ్డను నేనింకా చూడనే లేదు, అని ఎక్కిళ్ల మధ్య మొత్తం కక్కేశాను. అవ్వ గిన్నె కింద పెట్టి నా పక్కన కూర్చుంది. తర్వాత, “ఈ మాట ముందే చెప్పకపోతివే పాపా. సారుకు ఫొటో కావల్ల అంటివి. ఆ సారెవరో మాకేం తెలుసు. నీకు బిడ్డను చూడల్లని ఒక్కనాడన్నా అంటివా?” అంది. అనలేదు. అంత అరిచినదాన్ని ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. నాకు సిగ్గేసింది.

మూడోరోజు పొద్దున వెళ్లేసరికి ముగ్గుల్లేవు. తెల్లటి వట్టి వృత్తాలు. వృత్తానికొక మనిషి. ముక్కు మీదికి మాస్కు, లేనివాళ్లకు టవలు. పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు చేతులు కిందికి దించి, ఎవరూ పక్కకు చూడకుండా నిలబడ్డారు. మొదటి వృత్తంలో ముందుసీటు తాత. “తాతా, నీకు మొన్ననే బియ్యం ఇచ్చినారు గదా?” అన్నాను. “బియ్యానికి రాలేదు పాపా, నిలబడేకి వస్తి” అన్నాడు కళ్లు కదల్చకుండా. అప్పుడు చూశాను, సగం మంది చేతుల్లో సంచుల్లేవు. ఫొటో తీశాను. అది పోదే. సిగ్నల్ లేక ఫోన్లో చక్రం తిరుగుతూనే ఉంది. ఎండ ఎక్కుతోంది. “కదలొచ్చునా పాపా?” “ఇంకా పోలేదు తాతా.” “పోనీలే, నిదానంగానే పోనీ” అని మళ్లీ బిగుసుకుపోయాడు. అరగంట నిలబడ్డారు.

పాసు ఆ సాయంత్రమే వచ్చింది. ఆదివారం పాల వ్యానులో పెనుకొండ, అక్కణ్నుంచి కూరగాయల బండిలో ధర్మవరం. అమ్మ నా మీద వేపాకు నీళ్లు గుమ్మరించి, గడప బయటే కూర్చోబెట్టి, లోపల్నుంచి బిడ్డను ఎత్తి చూపించింది. వాడు నా మాస్కు చూసి వీధి అదిరేలా ఏడ్చాడు. అంత అందమైన ఏడుపు నేను మళ్లీ వినలేదు.

అయితే ఆ మూడోరోజు గురించి నేను ఏ రిపోర్టులోనూ రాయని సంగతొకటి ఉంది. చక్రం ఆగి ఫొటో గ్రూపులో పడగానే, “పోయింది, ఇంక కదలండి” అన్నాను. అంతే, నలభై మందీ ఒక్కసారిగా వచ్చి నా మీద పడ్డారు, ఫొటో చూడ్డానికి. “నేను యాడున్నా?”, “ఈ టవలు ఎవురిది?”, “అవ్వా, నువ్వు కండ్లు మూసుకున్నావే” అంటూ ఒకరి భుజం మీదుగా ఒకరు నా ఫోన్లోకి తొంగి చూశారు. దూరం జరగండి అని అరవడం నా ఉద్యోగం. నేను మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఆ గుంపు మధ్యలో నిలబడి, ఎవరెక్కడున్నారో వేలితో ఒక్కొక్కరికీ చూపిస్తున్నాను.