పళ్ల డాక్టరూ, రొయ్యల వ్యాసమూ

ఆ రోజుల్లో మా వైద్య పరిశోధకులకి ఒక జబ్బుండేది. ఇప్పటికీ ఉంది, దానికి మందు ఎవరూ కనిపెట్టలేదు. పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా, మన వ్యాసాన్ని లోకంలో ఇంకెవరైనా తమ వ్యాసంలో ఉదహరించారా అని చూసుకోవడం. అంకె ఒకటి పెరిగితే ఆ పూట రెండు ఇడ్లీలు ఎక్కువ దిగేవి. పెరగకపోతే ఇంట్లో వాళ్ల మీద విసుక్కునేవాణ్ణి. (పురసవాక్కంలో బట్టల కొట్టున్న మా నాయన ఒకసారి, "నువ్వు రాసింది ఎంతమంది చదివినార్రా?" అనడిగితే, "చదవరు నాయనా, చదివామని రాసుకుంటారు" అన్నాను. ఆయన గజంబద్ద తీసుకుని మళ్లీ బట్ట కొలవడంలో పడ్డాడు.)

నా పేరు నలుగురికీ తెలిసిందంటే అది ఒకే ఒక్క వ్యాసం వల్ల. రాయపురం హార్బరు పక్కన రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల చేతులకి వచ్చే పుండ్ల గురించి. రాసింది నేను. పని చేసింది మాత్రం మా ప్రాజెక్టులో ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకొచ్చే అక్క. ఆ వీధుల్లోనే పుట్టి పెరిగిన మనిషి. మొదటిరోజు నేను తెల్లకోటు వేసుకుని వెళ్తే, ఇళ్లు ఖాళీ చేయించడానికి వచ్చారనుకుని జనం తలుపులేసుకున్నారు. అక్క నా కోటు విప్పించి, తీసుకెళ్లి వాళ్లమ్మ ముందు కూర్చోబెట్టింది. "అమ్మా, చెయ్యి చూపీ. ఈ సార్ ఏం చెయ్యడు, పాపం, ఇప్పుడే చదువుకోని వొచ్చినాడు." ఆ ముసలామె చేతులు చాచగానే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వరస కట్టారు. పుండ్లు ఐసు నీళ్ల వల్లే అని నేను వాదిస్తుంటే, "ఐసు కాదు సార్, రొయ్య ముల్లు కుచ్చుకున్న చోటే మొదలవతాది, ఈడ చూడండి" అని దారి చూపించింది కూడా అక్కే. ఆ ఒక్క మాటే మా వ్యాసానికి ప్రాణం.

ఆ సంతోషంలో, "అక్కా, డాక్టర్లతో పాటు నీ పేరు కూడా అచ్చులో వస్తుంది" అని మాటిచ్చేశాను. అక్క ఆ మాట వాళ్లమ్మకి చెప్పింది. వాళ్లమ్మ చేపల మార్కెట్టంతా చెప్పింది. ఇక నేను కనిపిస్తే చాలు, "నా కూతురి పేరు ఎప్పుడొస్తాది సార్?" అని అడిగేది.

మా లోకంలో వ్యాసం రాయడం తేలిక, దాని మీద పేర్లు వెయ్యడమే కష్టం. పెళ్లి శుభలేఖతో సమానం, ఒకరిని మరిస్తే జన్మంతా అలక. మా విభాగానికి అధిపతి పెద్దసార్, ఆయన పేరు చివర వెయ్యాలి, అది గౌరవస్థానం. ఇక ఫ్రిజ్ వాడుకోనిచ్చిన సార్, గది ఇచ్చిన సార్, ఊరికే పక్కగదిలో ఉన్న సార్. వ్యాసం అచ్చువేసే వైద్య పత్రిక వాళ్లు ఎనిమిది పేర్లకు మించి కుదరదన్నారు. అక్కతో కలిపి సరిగ్గా ఎనిమిది. పంపే రోజు పెద్దసార్ పిలిచి, "మా అల్లుడికి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉందయ్యా. ఒక పేపరు తక్కువైంది, కాస్త చూడు" అన్నారు. అల్లుడు పళ్ల డాక్టరు. (రొయ్యలకీ పళ్లకీ ఏం సంబంధమని అడిగే నోరు నాకు లేదు, నా ప్రమోషన్ కూడా పెద్దసార్ చేతిలోనే ఉంది.) అక్క పేరు తీసేసి అల్లుడి పేరు పెట్టాను. రెండు నిమిషాల పని.

అచ్చయ్యాక అక్క ఒక కాపీ అడిగి తీసుకుంది. వేలు పెట్టి పేర్లన్నీ చదివింది. "ఈళ్లంతా ఎవురు సార్? మీరు తప్ప ఒక్కరూ ఆడికి రాలేదే." నేను గబగబా చివరి పేజీ తిప్పి, "ఇదిగో, ఇక్కడుంది అక్కా" అని చూపించాను. క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు అని ఉందక్కడ. "ఇది నేనా సార్?" అంది. "నువ్వే" అన్నాను. "సరి సార్, ఉండనీండి" అని వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఆ వ్యాసాన్ని దేశదేశాల వాళ్లు ఉదహరించారు. దాని మీదే నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి. పోయినేడు, పెద్దసార్ రిటైరయ్యాక (నా ధైర్యం చూశారా!), తప్పు సరిదిద్దమని పత్రికకి రాశాను. పేర్లున్న వాళ్లందరూ ఒప్పుకోవాలన్నారు. పళ్ల డాక్టరుకి ఫోన్ చేస్తే, "ఏ పేపరు సార్? రొయ్యలా? అందులో నేనున్నానా?" అని ఆయనే ఆశ్చర్యపోయి, తన పేరు వెంటనే తీసెయ్యమన్నారు. కొన్ని నెలలకి సవరణ వచ్చింది, అక్క పేరుతో.

ఆ కాగితం పట్టుకుని రాయపురం వెళ్లాను. అక్క ఇప్పుడక్కడ ఒక క్లినిక్‌లో చీటీలు రాస్తోంది. కళ్లజోడు పెట్టుకుని, తన పేరు మీద వేలు ఆనించి నవ్వింది. "వొచ్చినాదే సార్!"

"అమ్మకి చూపించక్కా" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినవాడిలా.

"అమ్మ పొయ్యి రెండేండ్లయింది సార్. కడదాకా అడగతానే ఉండింది. వొస్తాది, సార్ రాస్తా ఉండాడు అని చెప్తా ఉంటిని."

అంటే నేను మాట తప్పానని ఆమె ఇంట్లో చెప్పనే లేదు. నాకు టీ తెప్పించింది. తలెత్తకుండా తాగాను. పేరు మార్చిన ఆ రోజే పళ్ల డాక్టరుకి ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఆయన అప్పుడే వద్దనేవారేమో. అడగాలని కూడా తోచని ఆ కుర్ర డాక్టరుని, అంటే నన్ను, తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.