నొప్పి లేని చెవి

చెప్పకుండా మోయడం నాకు అలవాటైపోయింది. ఏళ్ల తరబడి మోశాను. అన్నం వండుతూ మోశాను, బస్సులో నిలబడి మోశాను, మా అత్త పక్కన కూర్చుని టీవీ చూస్తూ కూడా మోశాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. క్షమించమని అడగడానికి కాదు, ఆ ఉద్దేశం నాకు లేదని ముందే చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

మాది గోపాలపట్నంలో మెయిన్ రోడ్డుకి లోపలగా ఒక ఇరుకు వీధి. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. నేను కాపురానికి వచ్చేనాటికి ఇంట్లో ఉన్నది ఆయన, మా అత్త. అత్త మాట తక్కువ మనిషి. తిట్టేది కాదు, పిలిచేదీ కాదు. ఏదైనా చెప్పాలంటే గోడకేసి చూసి చెప్పేది. నాకు అమ్మ లేదు, చిన్నప్పుడే పోయింది. అత్తింట్లో ఇంకో అమ్మ దొరుకుతుందని ఎవరో అంటే నమ్మి వచ్చాను. నవ్వొస్తోందా? నాకూ వస్తుంది.

ఆ ఏడు వానలకి జలుబు చేసి చెవిపోటు వచ్చింది. అది నిజమైన నొప్పే. చెవి మీద అరచెయ్యి ఆనించుకుని వంటగదిలో నిలబడి ఉంటే అత్త చూసింది. చిన్న గరిటెలో నువ్వుల నూనె పోసి, వెల్లుల్లి చితక్కొట్టి వేసి, సన్నటి సెగ మీద పట్టుకుంది. రెబ్బలు ఎర్రబడ్డాక దించింది. ఆరనిచ్చి, తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకుంది. తర్వాత నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "రాయే, పడుకో" అంది.

ఆమె ఒళ్లో తల పెట్టాను. చెవిలో గోరువెచ్చటి చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత పెనం మీద వేయించిన కళ్లుప్పుని పాత గుడ్డలో మూటగట్టి చెవి చుట్టూ కాపడం పెట్టింది. కాపుతున్నంతసేపూ రెండో చెయ్యి నా జుట్టులోనే ఉంది. "ఇంత జుట్టుకి సుక్క నూని లేదేటే. ఎవులూ సూసీవోలు లేరేటి నిన్ను?" అంది. లేరు. ఏడ్చేశాను. నొప్పికనుకుంది.

మర్నాటికి నెమ్మదించింది. నూనెకి తగ్గిందో, జలుబుతో పాటు అదే పోయిందో నాకు తెలియదు. అత్త మళ్లీ గోడతో మాట్లాడడం మొదలుపెట్టింది. కొన్నాళ్లు ఓపిక పట్టాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చెవి పట్టుకుని గుమ్మంలో చతికిలబడ్డాను. చెవిలో ఏ నొప్పీ లేదు.

ఆ అబద్ధానికి నేను సిగ్గుపడను. ఎందుకు పడాలి? ఆకలేసిన మనిషి అన్నం అడిగితే తప్పు కాదు, తల మీద ఒక చెయ్యి కావాలని మాత్రం నోరు తెరిచి అడగకూడదు, అడిగితే గారాలు పోతోందంటారు, అందుకని నొప్పి అని అడిగాను. అంతే. మళ్లీ మళ్లీ అడిగాను. ప్రతిసారీ అత్త గరిటె తీసింది, ప్రతిసారీ నాకు "తగ్గింది".

అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ గోల ఉండేది కాదు. ఆగలేదు. మా అత్త చేతిలో మహిమ ఉందని వీధి కుళాయి దగ్గర నేనే చెప్పాను. ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు కూర్చునేవారు, టీ తాగేవారు. ఎవరూ గుమ్మం తొక్కని మనిషికి మనుషులొచ్చారు. ఆమె ముఖం ఎలా వెలిగేదో చెప్పలేను. "మా కోడల్ని అడగండి" అనేది నలుగురిలో. కోడలు! ఆ పిలుపు కోసం నేను ఎన్ని సాక్ష్యాలైనా చెప్పేదాన్ని. చెప్పాను కూడా.

మా ఇంటికి రెండిళ్ల అవతల రత్నం ఉండేది. భర్తకి పోర్టులో పని. వాళ్ల పాప హారిక అప్పుడే బడిలో చేరింది. ఒకరోజు పొద్దున్నే రత్నం పాపని చంకనేసుకుని, భుజానికి సంచీతో మా గుమ్మం ముందు ఆగింది. పాప చెవిలో దూది ఉంది. దూది పచ్చగా తడిసి ఉంది.

"వదినా, ఆసుపత్రికి బయల్దేరినాను. మా అత్తేమో మీ నూని ఎయ్యించమంతంది. నువ్వు సెప్పు, నీకు నిజంగా తగ్గిందా?"

మా అత్త నా వెనకే నిలబడి వింటోంది.

"తగ్గింది" అన్నాను.

"పతీసారీనా?"

"పతీసారీ. నా సెవి సంగతి నాకు తెల్దేటి?"

అత్త ముందుకొచ్చి దూది తీసి చూసింది. "సీము కారతందే. ఇలాటి సెవికి నానెప్పుడూ ఎయ్యలేదు. డాక్టరుకి సూపించీమను" అంది నాతో.

రత్నం నా ముఖంలోకి చూసింది. ఆ క్షణంలో నాకేం భయం వేసింది? ఆమె వెళ్లిపోతే మా నూనె మీద వీధికి నమ్మకం పోతుందనా? అత్త నన్ను ఇంకెప్పుడూ ఒళ్లో పడుకోనివ్వదనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా అడుగున దొరికేది ఆ ఒడే.

"ఏటీ అవ్వదు. ఎయ్యి, అత్తా" అన్నాను.

అత్త వేసింది. వెచ్చదనానికి పాప నిద్రపోయింది. రత్నం సంచీ కింద పెట్టేసింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత రాలేదు. పాపకి ఒళ్లు కాలిపోయింది, చెవి వెనక వాచిపోయింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. చీము కారే చెవిలో నూనె పోయకూడదని, చాలా ఆలస్యంగా తెచ్చారని డాక్టరు అన్నాడట. ప్రాణం దక్కింది. ఆ వైపు వినికిడి దక్కలేదు.

రత్నం వీధిలో నిలబడి అరిచింది. "ముసల్దానా, నా పిల్ల సెవి తినీసినావు!" అత్త ఒక్కసారి నావైపు తిరిగింది. నేను వంటగదిలోకి వెళ్లి పొయ్యి మీద అన్నం చూశాను. అన్నం అప్పటికే ఉడికిపోయింది. అయినా చూస్తూనే నిలబడ్డాను.

ఆ తర్వాత రత్నం నన్ను జాలిగా పలకరించింది. "నీ సెవిలో కూడా పోసి ఆ ముసల్ది నిన్నెన్నిసార్లు ఇబ్బంది పెట్టిందో పాపం" అంది. ఆ జాలి కూడా తీసుకున్నాను. నా మాట విని సంచీ దించానని ఆమె ఎందుకు తల్చుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తిట్టడానికి ముసలి మనిషి ఎదురుగా ఉంది కాబట్టేమో. కొన్నాళ్లకి నాకు నిజంగానే చెవిపోటు వచ్చింది. అత్త గోడకేసి చూసి, "డాక్టరు కాడికెల్లు" అంది. వెళ్లాను. మందు రాశాడు. తగ్గింది.

హారిక ఇప్పుడు మధురవాడలో కాలేజీకి వెళ్తోంది. పలకరిస్తే తల కొంచెం తిప్పి వింటుంది. వీధిలో ఎవరైనా ఇంటి వైద్యాలని వెక్కిరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెల్లుల్లిని ఎందుకంటారు? ఉప్పు మూటనెందుకంటారు? మా అబ్బాయికి జలుబు చేసి చెవి సలిపితే ఇవాళ్టికీ పైన కాపడం పెడతాను, జ్వరం తగిలినా చెవి చెమ్మగిల్లినా ఆసుపత్రికి పరుగెత్తుతాను. ఎక్కడ ఆగాలో మా అత్తకి తెలుసు. ఆగింది కూడా. తోసింది నేను.

నన్ను తిట్టండి. తిట్టాల్సిందే. కానీ గుమ్మంలో చెవి పట్టుకుని కూర్చున్న ఆ కొత్తకోడల్ని తిట్టడానికి మాత్రం ఒప్పుకోను. రత్నానికి చెబుతానా? అత్తకి చెబుతానా? చెబితే ఎవరికి ఏమి తిరిగొస్తుంది? రాదని తెలుసు. రాదు కాబట్టి చెప్పక్కర్లేదనుకోవడం నా తెలివితేటలని కూడా తెలుసు.

అత్త వద్దంది. నేను వెయ్యమన్నాను. ఇన్నేళ్లలో ఈ రెండు ముక్కలూ ఎక్కడా అనలేదు. ఇప్పుడు రాశాక పైకి చదివాను, అత్త కూర్చున్న గది వైపు తలుపు తీసే ఉంచి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మళ్లీ చదివాను, ఇంకాస్త గట్టిగా.