రెండు చేతులు పట్టుకునే సారు

మా సారు లేరు. నిన్న పొద్దున నా ముందు బెడ్డు మీద కూర్చొని మాట్లాడిన మనిషి, మధ్యాహ్నానికల్లా హైదరాబాద్ దారిలోనే పోయారని అంబులెన్సులో వెంట వెళ్లిన నర్సు ఫోన్ చేసింది. "ఎవరు?" అని మళ్లీ మళ్లీ అడిగాను. ఎవరో నాకు తెలుసు. పంపింది నేనే.

నిజామాబాద్‌లో నేను క్యాజువాలిటీ డాక్టరుగా చేరినప్పుడు ఆయన మాకు పెద్ద డాక్టరు. ఛాతీ నొప్పి అని ఎవరొచ్చినా నాకు ఈసీజీ మెషిన్ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఆయన మాత్రం వైర్లు పెట్టేలోపే స్టూలు లాక్కొని, రోగి రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకునేవారు.

కంఠేశ్వర్ నుంచి వచ్చిన బీడీలు చుట్టే అవ్వ ఒకామె, అంత నొప్పిలోనూ ఊరుకోలేదు. "గిట్ల రెండు చేతులు వట్టుకున్నవేంది సారూ, పెండ్లిపీటల మీద కూసున్నమా?"

"మీ ముసలాయనను అడిగి చెప్త తియ్ అవ్వా," అన్నారు సారు, వేళ్లు నాడి మీదనుంచి తియ్యకుండానే.

తర్వాత నాకు చెప్పారు. "రెండు నాడులు ఒక్కతీరుగ కొట్టుకోవాలె బిడ్డా. ఒకటి తగ్గితే, గుండెలకెళ్లి బయటికొచ్చే పెద్ద రక్తనాళం లోపల చీలిందేమో చూడాలె. గప్పుడు రక్తం పల్చబడే మందు ఇచ్చినమంటే మన చేతులతోనే చంపినట్టు."

చెరుకు కొట్టే రోజుల్లో బోధన్ వైపు రైతులు ఛాతీ నొప్పికి సోడా తాగి, తగ్గక, ఆలస్యంగా వచ్చేవారు. ఒక్కరినీ కసిరేవారు కాదు. మాకు మాత్రం గట్టిగా చెప్పేవారు: "గ్యాస్ అని రోగి అనొచ్చు. మనం అనొద్దు." అందరి ఈసీజీలూ చూశాకే చాయ్ ముట్టేవారు. చల్లారిందని ఇంకోటి తెప్పించబోతే వద్దనేవారు.

రిటైరయ్యాక అప్పుడప్పుడు మమ్మల్ని చూసిపోయేవారు. నిన్న కూడా అందుకే అనుకున్నాను. స్కూటర్ మీద వచ్చి బెడ్డు మీద కూలబడి, "వీపుల చీరేసినట్టయితాంది బిడ్డా," అన్నారు. ముఖమంతా చెమట. ఈసీజీలో పెద్దగా ఏమీ లేదు. హార్ట్ ఎటాకే అనుకొని సిస్టర్ రక్తం పల్చబడే ఇంజెక్షన్ నింపేసింది. ఆయన రెండు చేతులూ నా ముందుకు చాపారు.

ఎడమ నాడి దొరికీ దొరకనట్టుంది. ఇంజెక్షన్ పక్కన పెట్టించాను. బీపీ దించే మందు మొదలుపెట్టి స్కాన్‌కు పంపాను. అదే, రక్తనాళం చీలింది. ఆపరేషన్ చేసేవాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు.

అంబులెన్సు ఎక్కిస్తుంటే అడిగారు. "ఎడమది తక్కువున్నది గదా?"

"అవును సార్."

"సరిగ్గనే చూసినవ్."

నాకు ఆ మాట మీద ఇంకా కోపంగా ఉంది. సరిగ్గా చూస్తే మనిషి బతకాలి కదా. ఆయన నేర్పిందంతా చేశాను. ఒక్కటీ తప్పలేదు. అయినా పోయారు.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. "సారు కాళ్లు మొక్కు బిడ్డా," అన్నది అమ్మ, ఆయన భార్య. వంగాను. నా చేతులు కాళ్ల దగ్గరికి పోలేదు. వాటంతటవే ఆయన రెండు మణికట్లూ పట్టుకున్నాయి.

ఇప్పుడు తేడా లేదు. రెండూ ఒక్కతీరుగానే ఉన్నాయి.