శారదగారు తాగని కాఫీ

మొన్న తాడేపల్లిగూడెంలో బండికి పెట్రోలు పోయిస్తుంటే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి శారదగారు గుర్తొచ్చారు. ఆవిడతో పాటు కాఫీ కూడా. భూగర్భ జలాల పనిలో ఆవిడ నా మొదటి ఆఫీసరు. ఏలూరులో జీపెక్కితే దారి పొడుగునా పలికేవారు కాదు. బోరు దగ్గర దిగాక మాత్రం ఆపేవారు కాదు.

ఆ ఏడు కామవరపుకోట అవతల ఒక పేటలో బోరు నీళ్లు పెట్రోలు వాసన వేస్తున్నాయని కబురొచ్చింది. రోడ్డు మీది బంకులో, భూమిలో పాతిన ట్యాంకు కారుతోంది. అది తేలిగ్గానే తెలిసింది. తికమక పెట్టిందల్లా బంకు పక్క బావి శుభ్రంగా ఉండి, ఎంతో దూరాన ఉన్న పేట బోరు చెడిపోవడం.

"కొల్లేరు వైపు మట్టి గనక మెల్లగా ఇంకుతూ పోతుందండీ. ఇక్కడ కింద రాయి. పగులు ఎటుంటే అటే దారి," అన్నారు శారదగారు. పేట మోటారు వేయించి, బంకు దగ్గర మేము కొత్తగా వేయించిన బోరులో నీటిమట్టం కొలిపించారు. మా కళ్లముందే దిగిపోయింది. ఒకే పగులు రెండు బోర్లనూ కలుపుతోందన్నమాట.

పేటంతా తాగేది ఆ నీళ్లే. బోరు పక్క ఇల్లు రత్నమ్మది, చర్చిలో పాటలు పాడించే మనిషి. మొదటి రోజే కాఫీ తెచ్చింది.

"వద్దమ్మా," అన్నారు శారదగారు.

"వాసన పోయేదాకా మరిగించానండీ." గ్లాసు అలాగే పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది: "మా ఇంట్లో తాగరాండీ?"

ఆ పేటకు వచ్చి మంచినీళ్లు ముట్టకుండా వెళ్లే పెద్దకులాలవాళ్లు వాళ్లకు కొత్త కాదు. సంగతి అర్థమై శారదగారి ముఖం కందిపోయింది. "అయ్యో, అది కాదమ్మా. మరిగించినా ఈ నీళ్లు మీరూ తాగకూడదు," అన్నారు. రత్నమ్మ నమ్మలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

మరుసటిసారి శారదగారు ఏలూరు నుంచి నీళ్ల క్యాను తానే మోసుకొచ్చి రత్నమ్మ గుమ్మంలో దించారు. "దీంతో మీ చేత్తో కాఫీ పెట్టమ్మా. నేను వద్దన్నది ఆ నీళ్లని," అన్నారు. పేటకు ట్యాంకరు ఏర్పాటయ్యాక కూడా క్యాను మానలేదు. ట్యాంకరు నీళ్లు పిల్లలకు ఉండనీ అనేవారు.

కారే ట్యాంకును తీయించి, బంకు దగ్గరి బోరు నుంచి చెడ్డ నీళ్లు తోడించి బొగ్గు గుండా వడకట్టించారు. ఎండాకాలానికి వాసన పోయింది. "బాగైందని రాసెయ్యండి మేడంగారూ," అని బంకు యజమాని వెంటపడ్డాడు.

"వానలు పోనివ్వండి. పగుళ్లలో అంటుకున్నది నీళ్లు పైకొస్తే గానీ బయటపడదు," అన్నారావిడ.

వానలకు వాసన తిరిగొచ్చింది. నాకైతే ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం మళ్లీ తోడించడం మొదలుపెట్టారు.

ఆ మరుసటి ఏడాది వానలు కూడా వెళ్లాక, ల్యాబు ఫలితాలు చూసుకుని పేటకు వెళ్లాం. జీపు దిగిన శారదగారి చేతిలో క్యాను లేదు. రత్నమ్మ గుమ్మంలో నిలబడి ఆ ఖాళీ చేతుల వంక చూసింది. వెళ్లి బోరు కుళాయి కింద గిన్నె పెట్టింది.

ఇప్పుడు నీళ్లు బాగయ్యాయని సంతకం పెట్టేది నేను. ల్యాబు బాగుందన్నా సరే, ముందు బోరు పక్క ఇంటికి వెళ్లి కాఫీ అడుగుతాను. తాగడానికి నా చెయ్యి వెనకాడితే, మళ్లీ వానలకు వస్తామని చెప్పి జీపెక్కుతాను.