రెసిపె అంటే తీసుకో

మొన్న మనవరాలు దగ్గుమందు సీసా మూత తీస్తే సోంపు వాసన గదంతా కమ్ముకుంది. ఆ వాసన నాకు మందుది కాదు, రూతమ్మగారిది.

డెబ్బైల్లో ద్రాక్షారామం పక్కన మా ఊరికి ఆవిడొక్కరే డాక్టరు. కాలవలో పడవ తిరగబడి మా ఆయన పోయిన ఏడాది, ఆవిడ దగ్గర సోంపు వాసనేసే మందు సీసాలు కడిగే పనికి కుదిరాను. అప్పటికే నా చేతికి ఏదైనా అందించడం జనం మానేశారు. అత్తగారు కూడా కంచం గుమ్మంలో నేలమీద పెట్టి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. నాకూ ముద్ద దిగేది కాదు. చంకలో పాలు తాగే పిల్ల. నాకు పాలు పడేవి కావు. పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేది.

ఒక పొద్దున ఆవిడ మందు చీటీ మీద రాస్తున్న వంకర అక్షరం చూసి అడిగాను.

"ప్రతి చీటీకీ ముందు అదే రాస్తారేంటండీ? మీ దేవుడి పేరాండీ?"

"మా దేవుడి రాత అంత వంకర కాదులే. అది లాటిన్ మాట సత్తెమ్మా. రెసిపె. తీసుకో అని. ఇదింత తీసుకో, అదింత తీసుకో అని మందు కలిపే కాంపౌండరుకి చెప్పడం."

"తీసుకోండి అనొచ్చు కదండీ, పాపం!"

"రోగం ముంచుకొస్తుంటే మర్యాదలేంటే?"

ఆ మధ్యాహ్నమే కళ్ళు తిరిగి సీసాల మధ్య పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ తన క్యారేజీ విప్పి పప్పన్నం కలుపుతున్నారు. ముద్ద తెచ్చి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"నాకొద్దండీ."

"కావాలా అని అడిగానా? తీసుకో."

ఆయన పోయాక నన్ను తాకిన మొదటి చెయ్యి అది. ఏడుస్తూనే మింగాను. రోజూ అదే గద్దింపు, అదే ముద్ద. మెల్లగా పాలు పడ్డాయి, పిల్ల నిలబడింది. మనవరాలికి అమ్మ ఆ పిల్లే.

ఎనభైల్లో ఆవిడకి కడుపులో పుండు ముదిరింది. ఎవరూ లేని మనిషి. నోరు తెరవడం మానేస్తే, జావ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. "తీసుకో" అన్నాను. ఆవిడని నువ్వు అన్నది ఆ ఒక్కసారే. నా మొహం చూసి రెండు చెంచాలు మింగారు. మూడోది పెదవి మీదే ఉండిపోయింది.

ఇప్పటికీ వీధిలో ఎవరింట మొగుడు పోయినా జావ కాచుకుని వెళ్తాను. తింటావా అని అడగను. ఆ ఇల్లాలి చేతిలో గ్లాసు పెట్టి, వేళ్ళు మూస్తాను. కొందరు తాగుతారు. కొందరు విసిరికొడతారు. వంగి గ్లాసు ఏరుకుని, కడిగి, మళ్ళీ పోసుకొస్తాను.